అక్కా, ఆ మందు నువ్వే తీశావా

అక్కకి,

ఎలా ఉన్నావని అడగను, నువ్వు బాగానే ఉంటావు. అడగాల్సింది వేరే ఉంది. ఫోన్లో అడుగుదామంటే స్పీకర్ పెట్టి గిన్నెలు తోముతూ మాట్లాడతావు, పక్కనే తమ్ముడు వింటాడు. అందుకే కొరియర్లో పంపుతున్నాను. చదివి చింపేయి.

మా ల్యాబులో మందు పలచబడింది. నీకు చూపించానే, ఫ్రీజర్ పై అరలో డబ్బా, అందులో వేలెడంత లేని గొట్టాలు, అదే. పెప్టైడ్ అంటారని, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా లోపలి పొరకి అతుక్కుని అది చితికిపోకుండా కాపాడుతుందేమో చూస్తున్నామని చెబితే, "మనవాడికి చితికిపోతున్నది అదేగా" అన్నావు. అవును, తమ్ముడి కండరాలు సన్నగిల్లుతున్నది అందుకే. కానీ ఇది గిన్నెలో పెంచిన కణాల దాకానే వచ్చిందని, మనిషి ఒంట్లో ఏం చేస్తుందో ఎవరికీ తెలీదని కూడా చెప్పాను. నువ్వు బుద్ధిగా తలూపావు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది, నువ్వెప్పుడు బుద్ధిగా విన్నావు గనక.

నువ్వొచ్చి వెళ్లిన వారం నుంచి మందు వేసినా ఆ కణాలు కోలుకోవడం మానేశాయి. నాకీ పని చేతకాదు, మానేస్తానని ఫోన్లో నీ దగ్గర ఏడ్చాను కూడా. తర్వాత మా ల్యాబు నడిపే మేడం గొట్టాల్లో మందు కొలిపిస్తే, ఉండాల్సిన దాంట్లో సగం కూడా లేదు. ఎవరో తీసి నీళ్లు కలిపారని ఆవిడ అనుమానం. తమ్ముడి సంగతి ఇక్కడ అందరికీ తెలుసు. పైకెవరూ ఏమీ అనరు, నేను సంచి సర్దుకుంటుంటే మాత్రం మాటలాపేసి చూస్తారు.

నేను తియ్యలేదు. మరెవరు? ఫోనొచ్చి నేను బయటికెళ్తే ఫ్రీజర్ దగ్గర ఉన్నది నువ్వొక్కదానివే. తిరిగొచ్చేసరికి డబ్బా వెనక్కి తిప్పి ఉంది, నువ్వేమో కిటికీలోంచి రోడ్డు చూస్తున్నావు. అంత చూడముచ్చటైన రోడ్డేం కాదది. వాడికి విటమిన్ సూదులు వేసేది నువ్వే. ఇంటికెళ్లాక వాడు మేడ మెట్లెక్కాడని రాశావు. మంచం మీంచి లేవాలంటేనే చెయ్యి అందించాల్సినవాడు మెట్లెక్కడమేంటి? గంతులెయ్యాల్సింది పోయి నాకు ఆ డబ్బా గుర్తొచ్చింది.

నా ఉద్యోగం పోతే పోనీ. వాడి ప్రాణం మీదికి తెచ్చావేమోనని నా భయం. నువ్వు బట్టలు కుట్టే మనిషివి, తప్పు పడితే విప్పి మళ్లీ కుట్టొచ్చనుకుంటావు. ఇది అలా కాదు. తీసుంటే ఇవాళే ఆపి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు.

నీ చెల్లెలు

*

అక్కా,

జవాబు లేదు, ఫోనూ ఎత్తలేదు. బావకి చేస్తే తమ్ముడు బాగానే ఉన్నాడన్నారు. నువ్వు ఎత్తకపోవడమే మంచిదైంది, ఏ మొహంతో మాట్లాడను? దొంగ దొరికింది. మనిషి కాదు, గొట్టం.

మందుని కలిపి గొట్టాల్లో పంచేది నేనే. ఇదివరకు వాడినవి మందు అంటుకోని రకం. అవి అయిపోతే స్టోరులోంచి మామూలు ప్లాస్టిక్‌వి తెచ్చాను, సరిగ్గా నువ్వొచ్చిన వారమే. చూడ్డానికి రెండూ ఒకటే. నిన్న ఖాళీ గొట్టాల గోడలు కడిగి ఆ కడిగిన ద్రవం కొలిపిస్తే, పోయిందనుకున్న మందంతా అందులోనే ఉంది. పొరకి అతుక్కోమని తయారుచేస్తే అది దొరికిన గోడకే అతుక్కుని కూర్చుంది. మేడం తల పట్టుకుంది. మిగతావాళ్లు మళ్లీ నన్ను టీకి పిలుస్తున్నారు.

నువ్వు తియ్యలేదని తేలాక సంతోషించాలి కదా. నేను బాత్రూంలో తలుపేసుకుని ఏడ్చాను. ఎందుకంటే నువ్వే తీసుంటే, వాడు మెట్లెక్కింది మా మందు వల్లయ్యుండేది. నిన్ను తిడుతూనే, నువ్వే దొంగవి కావాలని లోపల కోరుకున్నాను. నాకు సిగ్గుగా ఉంది. ఎన్ని తిట్లు తిట్టినా పడతాను. కానీ ఒక్కటి చెప్పు, మందు లేకుండా వాడెలా ఎక్కాడు?

నీ బుద్ధిలేని చెల్లి

*

చెల్లెమ్మా,

నేను తియ్యలేదు. తియ్యడానికే వచ్చాను. నువ్వు బయటికెళ్లగానే డబ్బా తీశాను. అన్నిటి మీదా ఏవో అంకెలే, ఏది మందో ఏది ఉత్త నీళ్లో తెలిసి చావలేదు. వాడి ఒంట్లోకి ఏదెక్కిస్తానోనని మళ్లీ లోపల పెట్టేశాను. నీ మొదటి ఉత్తరానికి అందుకే జవాబు రాయలేకపోయాను. తియ్యలేదని రాస్తే అది సగం నిజమే అయ్యేది.

వాడు మెట్లెక్కలేదు. నువ్వు ఉద్యోగం మానేస్తానని ఏడుస్తుంటే, నీకు కాస్త ఉత్సాహం వస్తుందని ఆ కబురు అల్లాను. నిజానికి ఈ నెలలో చెంచా కూడా నేనే పట్టిస్తున్నాను.

నీ ఉత్తరాలు వాడికి ఇచ్చేశాను, చింపలేదు. దిండుకి ఆనుకుని రెండూ చదివాడు. "అయితే ఇన్నాళ్లూ ఓడిపోయింది మందు కాదన్నమాట, గొట్టం" అన్నాడు. నేను తీయబోయి పెట్టేసిన సంగతి చెబితే నవ్వాడు కూడా, "నువ్వు దొంగతనానికి కూడా పనికిరావే అక్కా" అని. ఆ తర్వాత ఒక మాటన్నాడు. అందులో మొదటి సగం నీకు రాయొద్దన్నాడు, నేను రాస్తున్నాను.

"ఆ మందు పనిచేస్తుందో లేదో తేలేసరికి నేను ఉండనులే. అయినా చిన్నక్కని మానెయ్యొద్దను."

గొట్టాలు మార్చాక మందు ఏం చేసిందో నాకు కాదు, వాడికి రాయి. బాగా చేస్తే చేసిందని, లేకపోతే లేదని. త్వరగా రాయి. అబద్ధం మాత్రం రాయకు, ఈ ఇంట్లో ఆ పనికి నేనున్నాను.

అక్క