బతికున్న అమ్మకి ఘన నివాళి

అక్కా,

ముందే చెప్తున్నా, అమ్మ బాగానే ఉంది. ఎవరైనా ఫోన్ చేసి ఏడిస్తే నమ్మకు. తప్పు నాదే.

ఆదివారం వీధి వాళ్ళంతా అమ్మకి సన్మానం చేస్తున్నారు కదా. ఎవరింట్లో పురుడొచ్చినా, ఎవరు ఆసుపత్రిలో పడ్డా ముప్పై ఏళ్ళుగా తోడున్నది ఆవిడేనని. ఫ్లెక్సీ పని నాకు అప్పగించారు. నేనేమో గుండీలు, జిప్పులు అమ్ముకునేవాణ్ణి. మాట కాస్త బరువుగా ఉండాలని 'వీధి తల్లికి ఘన నివాళి' అని రాయించా. నివాళి అంటే పెద్ద గౌరవం అనుకున్నా. పోయినవాళ్ళకే రాస్తారని నాకేం తెలుసు! ఫ్లెక్సీ అతను "ఫోటో నలుపు తెలుపులో వేయమంటారా?" అని మెల్లగా అడిగాడు కూడా. "వెయ్యి, నిండుగా ఉంటుంది" అన్నా.

పొద్దున వీధి చివర కట్టారు. ఏడింటికల్లా టైలరు గారు కళ్ళు తుడుచుకుంటూ వచ్చి తలుపు కొడితే అమ్మే తీసింది. ఆయన గడపలోనే కూలబడ్డాడు. అమ్మ మొహాన నీళ్ళు చల్లి, "ఎవరు పోయారయ్యా?" అంది.

"మీరేనమ్మా."

అమ్మ వెళ్ళి ఫ్లెక్సీ చదివొచ్చింది. కనీసం తిట్టడానికైనా కాసేపు కూర్చుంటుందనుకున్నా. "సాయంత్రం తిడతాలేరా, ఆసుపత్రి వార్డులో ఎదురుచూస్తుంటారు" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

ఇన్నాళ్ళూ నీకు చెప్పలేదు, నాకు కుళ్ళక్కా. చిన్నప్పుడు నాకు గవదలొచ్చి మొహం వాచిపోయినప్పుడు కూడా ఆవిడ ఎదురింటి తాతగారి దగ్గరే కూర్చుంది. ఆదివారం నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. చెప్పను. కొట్టు తెరుచుకుని కూర్చుంటా.

నీ తమ్ముడు

అక్కా,

సభకి వెళ్ళాల్సొచ్చింది. "చంపినవాడివి, నువ్వు లేకపోతే ఎలారా" అని అమ్మే రెక్క పట్టుకుని లాక్కెళ్ళింది. మైకు చేతికివ్వగానే కడుపులోది కక్కేశా. "మీ అందరికీ ఈవిడ దొరికింది. నాకే మిగల్లేదు" అని.

అమ్మ లేచి మైకు లాక్కుంది.

"ఎలాగూ పోయానని ఏడ్చారు కదా, అలాగే అనుకోండి. టైలరూ, మంగళవారం వార్డు నీది. లెక్కల టీచరమ్మా, పురుళ్ళు నువ్వు చూసుకో. నేను వీడి దగ్గరుంటా."

నాకక్కడే ఏడుపొచ్చేసింది. నాలుగు రోజులైంది, ఇప్పుడూ వస్తోంది. కారణం వేరు.

కొట్లో సైజుల వారీగా పెట్టుకున్న గుండీలన్నీ అమ్మ రంగుల వారీగా కలిపేసింది. జిప్పు కొనడానికొచ్చినావిడకి "పాతదానికే కొవ్వొత్తి రుద్దమ్మా, బంగారంలా నడుస్తుంది" అని చెప్పి పంపేసింది. బేరం మధ్యలో "తల దువ్వుకోలేదేరా?" అంటుంది. నాకు నలభై ఆరేళ్ళక్కా!

నిన్న టైలరు గారి కాళ్ళావేళ్ళా పడ్డా, మంగళవారమన్నా అమ్మకి తిరిగిచ్చేయమని. "ఖాళీ లేదు బాబూ, గురువారం కూడా నేనే అడిగి తీసుకున్నా" అన్నాడు.

నువ్వు అమ్మని నీ దగ్గరికి ఒక నెల పంపమన్నావు కదా, ఇందాక ఆటో కూడా పిలిచా. అంతలో అమ్మ "చొక్కాకి రెండో గుండీ ఏదిరా? ఊరందరికీ అమ్ముతావు!" అని నిలబెట్టి ఒంటిమీదే కుట్టేస్తోంది. ఒంటిచేత్తో టైపు చేస్తున్నా. కదిలితే పొడుస్తుందట.

ఆటో అతన్ని వెళ్ళిపొమ్మన్నా. చూడాలనిపిస్తే నువ్వే రా.

కదలకుండా నిలబడ్డ
నీ తమ్ముడు