మంద కట్టని చేను

ఏమండీ,

రేపు మీ సంవత్సరీకం. మీ రేడియో ఇంకా పలుకుతూనే ఉంది. నిన్న సాయంత్రం పొలం కార్యక్రమంలో ఒకాయన, యూరియా ఎక్కువైతే మట్టిలోంచి ఏదో గాలి పైకి లేచి భూమినంతా వేడెక్కిస్తుందని చెప్పాడు. పశువుల ఎరువు వాడమన్నాడు. అదే నోటితో, పశువులు నెమరేస్తూ తేన్చే గాలి కూడా వేడి పెంచుతుందన్నాడు. ఎటు తిరిగినా తప్పు మనదే. మీరుంటే రేడియో మీదికి చెప్పు విసిరేవారు.

పైరు తీశాక రాత్రిళ్ళు గొర్రెల మందను చేలో పడుకోబెట్టించి, ఆ పెంటతోనే మీరు మిరప పండించేవారు. "ఇంకా ఏ కాలంలో ఉన్నారండీ?" అని వ్యవసాయాఫీసరు నలుగురిలో నవ్వాడు. ఆ తర్వాతే మనింటికి యూరియా బస్తాలొచ్చాయి, పత్తి వచ్చింది, పురుగుమందు డబ్బాలొచ్చాయి. ఆ మందు కొడుతూనే మీరు చేలో పడిపోయారు.

పత్తి కట్టె పీకించేశాను. ఇవాళ గొర్రెల కాపరి కనబడితే మళ్ళీ మంద కట్టమని అడిగాను. అతను మన గట్టు కూడా ఎక్కలేదు.

"వద్దమ్మా. అన్ని మందులు తాగిన నేల. నా జీవాలు చచ్చిపోతాయి," అన్నాడు.

గొర్రెలకైనా వద్దని చెప్పేవాడున్నాడు.