పలక తిరిగిచ్చేశావు

రఫీఖ్,

పైకప్పు కూలి నువ్వు పోయిన బెల్లంపల్లి బొగ్గుబాయిని ఈరోజు మూసేశారు. పంపులు ఆపారు. ఇక లోపలంతా నీళ్ళేనట.

నాకు కోవళం గుర్తొచ్చింది. వీపున సంచులతో జైనూర్ అడవంతా తిరిగి, ఆ ఊపులోనే రైలెక్కి సముద్రం దాకా పోయాం. అలల మీద నిలబడి ఆడే తెల్లవాడొకడు తన సర్ఫింగ్ పలక నీకిచ్చాడు.

"ఒక్కసారి నిలవడి వస్త, ఫికర్ చెయ్యకు" అన్నావు.

"ఈత రానోనివి. మీ అమ్మీకి నేనేం జెప్పాలెరా?" అని నీ చెయ్యి వదల్లేదు. పలక తిరిగిచ్చేశావు.

సాయంత్రం మీ ఇంటికి పోయి బాయి మూసిన సంగతి చెప్పాను. మీ అమ్మీ చాయ్ ఇచ్చి, "సముద్రం కాడ నువ్వు ఆపినవు. బాయిల ఎవలాపుతరు బేటా?" అంది.

బాయి వద్దన్న నిన్ను బతిమాలి చేర్పించింది నేనేనని ఈరోజు కూడా చెప్పలేకపోయాను.