మీ అమ్మ అడిగిన అట్టలు

ఒరే సూరీ,

చెరుకు నరికేవాళ్ల పిల్లల కోసం నువ్వు చోడవరంలో ఇల్లిల్లూ తిరిగి పోగేసిన పుస్తకాలని మీ అమ్మ ట్రంకుపెట్టిలో పెట్టి తాళం వేసేసింది. నువ్వు పోయి ఏడాదైంది, ఒక్కటీ బయటికి రాలేదు. నిన్న వెళ్లి, "అవి పేదపిల్లల హక్కమ్మా, నీ సొంతాస్తి కాదు!" అని అరిచేను.

"అరవకు నాయినా, అట్టుకెళ్లిపో. ఆడు కూకుని ఏసిన అట్టలు మాత్రం నాకిచ్చీ," అంది.

నువ్వు పాత క్యాలెండర్లతో వేసిన అట్టలన్నీ ఊడదీసి ఇచ్చేను. ఆవిడ ఒళ్లో పెట్టుకుని మడతలు నిమురుతూ కూర్చుంది. ఏది ఎవరి హక్కో ఇప్పుడు నాకేటీ తెలీడం లేదురా.

అట్టల్లేకపోతే పిల్లల చేతుల్లో పుస్తకాలు నిలవవు. మీ అమ్మ ఏటంటాదో తెలీదుగానీ, ఆదివారం సాయంత్రం నాలుగింటికి, కొత్త అట్టలు వెయ్యడానికి, పాత క్యాలెండర్లు పట్టుకుని మన స్నేహితులందర్నీ మీ ఇంటికే రమ్మన్నాను.