‘పూర్తయింది’ అనే గడి

మరదలికి ఆశీస్సులు.

ఆఖరి రోజు ఉదయం మీ అక్క కాఫీ సగమే తాగింది. కిటికీ తెరవమంది. పదకొండింటికి తన ప్లానర్ పుస్తకం తెప్పించుకుని ఒక పేజీ రాసి, చించి నాకిచ్చింది. వంటింటి కుళాయి బాగుచేయాలి. వీధి తలుపుకు నీలం రంగు వేయాలి. తన బట్టల అలమర ఖాళీ చేయాలి. నాలుగింటికి పోయింది.

ఐదు నెలలైంది. మూడూ చేసి తీరుతాను. ముందు పద్ధతి కావాలి. గంటల వారీగా పేజీ గీశాను, ఇరుకైంది. వారం వారీగా గీసి, మూడు పనులూ గళ్లలో వేసిన నమూనా పంపుతున్నాను. ఎలా ఉంది?

మీ బావ

తా.క. గీతలకు ఆకుపచ్చ సిరా కూడా ఆలోచిస్తున్నాను.

*

బావగారికి నమస్కారాలు.

నాకు పనులు పురమాయించడమేమిటో! సరే, అక్క కోసం చేశాను. సోమవారం కుళాయి విప్పితే వంటిల్లంతా చెరువైంది. బుధవారం తలుపుకు నీలం రంగేశాను. ఇంటి ఓనరు వచ్చి, "ఎవర్నడిగి వేశావమ్మా?" అని ఒకటే కేకలు. శుక్రవారం అలమర ఖాళీ చేశాను.

మీ మరదలు

తా.క. శనివారం గడి ఖాళీగా ఉంది. మా ఆయన చొక్కాలు తిరిగి సర్దడం అందులో రాస్తారా?

*

మరదలికి,

అది నమూనా. పనులు నావి. ఎవరు చేయాలో గడి పెట్టకపోవడం నా తప్పే. ఇప్పుడు పనికో పేజీ, పేజీకి మూడు గళ్లు: ఎవరు, ఎప్పుడు, పూర్తయింది. చూడు.

మీ బావ

తా.క. ఈసారి ఏమీ విప్పకు.

*

బావగారూ,

మూడు పేజీల్లోనూ ‘పూర్తయింది’ గడిలో టిక్కులు చూసి కళ్లనీళ్లొచ్చాయి. ఆదివారం పదింటికల్లా చూడ్డానికి వస్తున్నాం.

మీ మరదలు

తా.క. నీలం తలుపు దగ్గర ఫోటో దిగడానికి మా ఆయన కొత్త చొక్కా కొన్నారు.

*

మరదలికి,

ఇది రేపు నీ చేతికే ఇస్తాను. ఆ టిక్కులు, సిరా కాగితం వెనక్కి దిగుతుందేమోనని పెట్టి చూసినవి. దిగింది.

మీ అక్క ఎలా గీసుకునేదో చూద్దామని ఇవాళ మొదటిసారి ఆమె ప్లానర్ తెరిచాను. ఒక్క గీతా లేదు. చించిన పేజీ తర్వాతి పేజీలో ఇలా ఉంది: "ఈయన గీతలు గీస్తూ కూర్చుంటారు. చెల్లి ఇంటికొస్తానంటే తప్ప లేవరు. దానికి చెప్పి ఉంచాను."

అప్పుడు గుర్తొచ్చింది. మీది సొంతిల్లు. ఓనరు ఎక్కణ్ణుంచి వచ్చాడు?

కుళాయి ఇందాకే బాగుచేశాను. కారడం లేదు.

మీ బావ

తా.క. రంగు తడిగా ఉంటుంది, కొత్త చొక్కాతో తలుపుకు ఆనుకోవద్దని మీ ఆయనకు చెప్పు. అలమర నువ్వొచ్చాక తెరుద్దామనుకున్నాను. వద్దు. రేపు ఉదయం, రంగు డబ్బా ముట్టుకోకముందే, అది నేనే తెరుస్తాను.