ప్రస్థానం పెట్టిన బ్యాగు

సదాశివరావు అన్నయ్యగారికి,

మీ ఫోన్ తాళం వేసిన ఇంట్లోనే మోగుతోంది. అందుకే ఈ చీటీ రాసి మీ తాళంకప్పకి చుట్టి వెళ్తున్నాను.

మధ్యాహ్నం మా వర్షిణి బయల్దేరే వేళకి వర్జ్యం ఉందని, పొద్దున మంచి గడియలో దాని బ్యాగు మీ ఇంట్లో ప్రస్థానం పెట్టాను కదా. ఆ సంగతి దానికి చెప్పలేదు. పాస్‌పోర్టు అందులోనే ఉందని నాకు ఇప్పుడే తెలిసింది. ఆఫీసు పని మీద మొదటిసారి సింగపూర్ వెళ్తోంది. మూడింటికి క్యాబ్ వస్తుంది, ఇప్పటికే రెండుంబావు అయింది. మీరేమో జనక్‌పురి నుంచి ఇంకా రాలేదు.

బ్యాగు ఎక్కడున్నా ఫోన్‌లో చూపించే బిళ్ల ఒకటి అందులో వేసుకుంది. ఇందాక అది చూసి, "ఇంట్లోనే ఉందమ్మా, ఠీక్ హై" అంటూ స్నానానికి వెళ్లింది. మీ ఇంటికీ పైన మా ఇంటికీ మధ్య ఒక స్లాబు ఉందని ఆ బిళ్లకేం తెలుసు?

రాగానే పైకి రండి. కానీ ఎంత ఆలస్యమైనా సరే, బ్యాగు మా గుమ్మం దాటించకండి. ప్రస్థానం పెట్టింది మళ్లీ ఇల్లు చేరకూడదు. దాన్ని లిఫ్ట్ దగ్గరే ఉంచి బెల్ కొట్టండి. దాని చీవాట్లు నేను తింటాను.

మీ పై ఇంటి చెల్లెమ్మ