మీ ఆయన వేసిన చక్రాలు

చిట్టితల్లీ,

డ్యూటీకి వెళ్తున్నాను. మీ ఆయన లేవగానే కారు చక్రాల నట్లు ఇంకోసారి బిగించమను. కొత్త చక్రాలు కాస్త తిరిగాక నట్లు వదులవుతాయి. బిగించేదాకా కారు తియ్యకు.

అతని పనిలో తప్పు పట్టుకుందామనే పొద్దున్నే కారు కిందికి దూరాను. చక్రం నడిమి బెజ్జం ఇరుసు కంటే పెద్దదైతే, లేత్ మిషను మీద రింగులు చేయించి ఖాళీ లేకుండా కూర్చాడు. మడ్‌గార్డు అంచు లోపలికి మడిచాడు. స్టీరింగు ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి చూశాను, టైరు ఎక్కడా రాసుకోలేదు. నా కడుపు మండిపోయింది.

నీ మూడు చక్రాల సైకిలు దగ్గర్నుంచి నీ బళ్లన్నీ నేనే చూసుకున్నాను. ఈసారి నన్నొక్క మాటైనా అడగలేదేమ్మా?

నాన్న

ఎడమ తలుపు కిర్రుమంటోంది. అతనికి చెప్పకు. సాయంత్రం నేనొచ్చి నూనె వేస్తాను.